తూరు పట్టణం మీద బిర్యానీ పందెం

ప్రశ్న: మా బావగారు సంఘంలో వాక్యం చెప్తారు. తూరు పట్టణం నాశనం గురించి బైబిల్‌లో యెహెజ్కేలు 26వ అధ్యాయంలో ఉన్న ప్రవచనం అక్షరాలా నెరవేరిందని ఆయన, ఆ ఊరు ఇప్పటికీ లెబనాన్‌లో ఉంది కదా అని నేను. క్రిస్మస్‌కి మొదలైన వాదన తెగక బిర్యానీ పందెం దాకా వచ్చింది. మీరే తేల్చండి. (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: మీరిద్దరూ 26 దగ్గరే ఆగిపోయినట్టున్నారు. ఇంకో మూడు అధ్యాయాలు చదివి ఉంటే సగం గొడవ అక్కడే తేలిపోయేది.

26లో ఉన్నది ఇదీ: బబులోను రాజు నెబుకద్రెజరు గుర్రాలతో, రథాలతో వస్తాడు, బురుజులు పడగొడతాడు, వీధులన్నీ తొక్కిస్తాడు, ఆ తర్వాత ఆస్తి దోచుకుని రాళ్లూ కలపా మట్టీ నీళ్లలో పడేస్తారు, ఆ చోటు వలలు ఆరేసుకునే బండ అవుతుంది, మళ్లీ ఎవరూ కట్టరు. అయితే తూరు అంటే ఒక్క ఊరు కాదు. ఒడ్డున ఒకటి, కిలోమీటరు కూడా లేని దూరంలో ద్వీపం మీద అసలు కోట. నెబుకద్రెజరు వచ్చిన మాట నిజమే, ముట్టడి పదమూడేళ్లు సాగిందని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. కానీ ద్వీపాన్ని కొల్లగొట్టడం అతనివల్ల కాలేదు. ఇది నాస్తికులు కనిపెట్టిన మాట కాదండీ, యెహెజ్కేలు గ్రంథంలోనే ఉంది. 29:18 తీయండి: తూరు మీద చాకిరీ చేసీ చేసీ సైనికుల తలలు బోడులయ్యాయి, భుజాలు కొట్టుకుపోయాయి, అయినా రాజుకి గానీ సైన్యానికి గానీ జీతం గిట్టలేదు, అందుకని బదులుగా ఐగుప్తును (ఈజిప్టును) ఇస్తున్నాను అంటాడు దేవుడు. ఇది క్రీ.పూ. 571 నాటి మాట. నాకు ఈ వచనం అంటే భలే ఇష్టం. అనుకున్నట్టు జరగనప్పుడు పాత పేజీ చింపేయడం ఎంతసేపు? ఈ గ్రంథాన్ని కాపాడినవాళ్లు రెండూ అలాగే ఉంచారు.

ఇప్పుడు బావగారు అలెగ్జాండర్ పేరు ఎత్తుతారు, ఎత్తాలి కూడా. క్రీ.పూ. 332లో ఆయన ఒడ్డున ఉన్న పాత ఊరిని పడగొట్టి, ఆ శిథిలాలనే సముద్రంలో పోయించి ద్వీపం దాకా కట్ట వేయించాడు, ఏడు నెలల్లో కోట పట్టుకున్నాడు. రాళ్లూ కలపా మట్టీ నీళ్లలో! మూడో వచనంలో ‘అనేక జనములు’ అలల్లా వస్తారని ఉంది కాబట్టి నెబుకద్రెజరు మొదటి అల, అలెగ్జాండర్ తర్వాతి అల అంటారు. బలమైన పాయింటే, కొట్టిపారేయకండి. కాకపోతే ఏడో వచనంలో పేరు పెట్టి పిలిచింది నెబుకద్రెజరునే, పదకొండు దాకా ‘అతడు’ అనేసి పన్నెండులో ‘వారు’ అనగానే రెండున్నర శతాబ్దాలు దూకేయమంటే నాకు మింగుడు పడదు, ఆ ‘వారు’ అతని సైనికులే అనుకుంటాను.

పైగా ‘మళ్లీ కట్టరు’ అన్న ముక్క ఉండనే ఉంది. అలెగ్జాండర్ కోట పట్టుకున్న పదిహేడేళ్లకే ఆయన సేనానుల్లో ఒకడైన ఆంటిగోనస్ అదే తూరును మళ్లీ ముట్టడించాల్సి వచ్చింది, అదీ పదిహేను నెలలు. పాడుబడ్డ బండ కోసం ఎవరైనా అన్నాళ్లు కూర్చుంటారా? అపొస్తలుల కార్యములు 21లో పౌలు అక్కడ శిష్యుల దగ్గర ఏడు రోజులు ఉన్నాడు. రోమన్లు రథాల పందేల మైదానం కట్టారు. 1291లో ఈజిప్టును ఏలిన మమ్లూకులు నాశనం చేశాక మాత్రం చాలాకాలం చితికిపోయింది. ఇప్పుడు దాని పేరు సూర్. అలెగ్జాండర్ కట్టకి ఇసుక మేట వేసి ద్వీపం కాస్తా ఒడ్డుకి అతుక్కుపోయింది. జాలర్లు ఉన్నారు, వలలూ ఉన్నాయి, పక్కనే ఇళ్లూ ఉన్నాయి.

ప్రశ్న: మరి బబులోను కూడా నాశనమవుతుందన్న ప్రవచనం సంగతి? (అదే పాఠకుడు)

జవాబు: ఇక్కడ మీ బావగారికే ఎక్కువ మార్కులు. క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు పట్టుకున్నప్పుడు ఊరు కూలలేదు, యుద్ధం లేకుండానే లోపలికి వచ్చానని ఆయన మట్టి శాసనమే చెప్తుంది, అలెగ్జాండర్ చనిపోయింది కూడా అక్కడే. తర్వాత కొన్ని శతాబ్దాల్లో జనం పోయి దిబ్బలు మిగిలాయి. సద్దాం తన పేరు కొట్టించిన ఇటుకలతో గోడలు లేపించినా పాత వైభవం రాలేదు. యెషయా 13 చదివితే ఒక్క దెబ్బతో పోయినట్టు అనిపిస్తుంది గానీ పోయింది మెల్లగా.

ప్రశ్న: అయితే ప్రవచనం తప్పిందనే కదా? (ఆయన బావగారు, విడిగా రాసిన ఉత్తరంలో, కొంచెం కోపంగా)

జవాబు: అయ్యగారూ, యోనా నలభై రోజుల్లో నీనెవె నాశనం అన్నాడు, వాళ్లు పశ్చాత్తాపపడ్డారు, నాశనం ఆగింది. యిర్మీయా 18 కూడా ఇలాంటి మాటలకి షరతు ఉంటుందనే చెప్తుంది. ఆ దారిలో వాదిస్తే నేను వింటాను, తూరు వాళ్లు పశ్చాత్తాపపడ్డారని మాత్రం ఎక్కడా లేదు. హెచ్చరికగా చదివితే ఆ అధ్యాయం బలం ఏమీ తగ్గదు. ‘అక్షరాలా’ అన్న మాటే మిమ్మల్ని ఇరికించింది. పందెం ఆ మాట మీదే కాశారు కాబట్టి బిర్యానీ మీరే పెట్టించాలి.