ఒకే పొలం మీద మూడో దావా

మహారాష్ట్రలోని సిరొంచలో మీ పొలం మీద రెండుసార్లు ఓడిన పెదనాన్న కొడుకే మళ్లీ దావా వేశాడంటే కడుపు మండుతుంది తమ్ముడూ. అయినా వాయిదాకి తప్పక వెళ్లు, లేకపోతే ఎక్స్‌పార్టీ అవుతావు, అంటే నువ్వు లేకుండానే కేసు నడిచిపోతుంది.

ఒకసారి తేలిన వివాదాన్ని అవే పార్టీలు తిరగదోడకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11 అడ్డుకుంటుంది. చాలామంది దావాను మొదట్లోనే కొట్టేయమని పిటిషన్ వేస్తారు. కానీ ఆ దశలో జడ్జి చూసేది ఎదుటివాడి దావా పత్రాన్నే, నీ కాగితాలను కాదు. అందుకే పాత దావా, జవాబు, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), తీర్పు, అన్నిటికీ సర్టిఫైడ్ కాపీలు తీసి, ఇది ఇంతకుముందే తేలిన వివాదమా కాదా అన్నదాన్ని ప్రిలిమినరీ ఇష్యూగా, మిగతావాటికంటే ముందే తేల్చమని అడుగు. 2021లో సుప్రీంకోర్టు చూపిన దారి ఇదే.

ఖర్చులూ అడుగు. అదే కోడ్ సెక్షన్ 35ఎ కింద తప్పుడు దావాకు ఇచ్చే పరిహారం 3,000 రూపాయలు దాటదు, అది అన్యాయమే.

అలవాటుగా కేసులు వేసేవాళ్లను కట్టడి చేయడానికి మహారాష్ట్రలో 1971 చట్టం ఉంది. అయితే అడ్వకేట్ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) ద్వారా హైకోర్టుకు వెళ్లాలి. నీకిప్పుడే ఆ అవసరం లేదు.