మాక్ ట్రయల్‌లో సాక్షి పాత్ర ఇచ్చినా వదులుకోకండి

ప్రశ్న: నేను లా చదువుతున్నాను. కంపెనీలకు అగ్రిమెంట్లు రాసే పనిలోకి వెళ్లాలని ఉంది. కాలేజీలో మాక్ ట్రయల్ (నమూనా కోర్టు విచారణ) పెడుతున్నారు. నలుగురిలో మాట్లాడాలంటే నాకు టెన్షన్. పైగా నాకిచ్చింది సాక్షి పాత్ర. ఆ సమయంలో పరీక్షలకు చదువుకోవడమే మేలు కదా?

జవాబు: తప్పకుండా చేరండి. మొదటిసారికి సాక్షి పాత్రే నయం.

మీరు తరగతిలో చదివే పెద్ద కోర్టుల తీర్పుల్లో వాస్తవాలు అప్పటికే తేలిపోయి ఉంటాయి. వాటిని ఎవరు చెప్పారు, ఆ మాట ఎలా నిలబడింది అన్నది పెద్దగా కనిపించదు. విద్యార్థులు చట్టాన్ని వాదించే నమూనా పోటీ అయిన మూట్ కోర్టులోనూ అంతే. 1960లో మొదలైన జెస్సప్ అంతర్జాతీయ మూట్ పోటీలో కూడా ఇచ్చిన వాస్తవాల మీద చట్టాన్ని వాదిస్తారు, సాక్షులు ఉండరు. మాక్ ట్రయల్‌లో మాత్రం ప్రతి వాస్తవాన్నీ సాక్షి నోటి నుంచో, కాగితం నుంచో రాబట్టాలి.

అది ఎంత కష్టమో చీఫ్ ఎగ్జామినేషన్‌లోనే, అంటే మన సాక్షిని మనమే ప్రశ్నించేటప్పుడే తెలిసిపోతుంది. "ఆ రాత్రి మీరు గేటు దగ్గర ఉన్నారు కదా?" అని మన సాక్షినే అడిగితే అది జవాబును ముందే అందించే లీడింగ్ ప్రశ్న, అవతలివాళ్లు వెంటనే అబ్జెక్షన్ చెబుతారు. "ఆ రాత్రి మీరు ఎక్కడ ఉన్నారు?" అనే అడగాలి. ఈ నియమం పుస్తకంలో చదివితే రెండు నిమిషాల పని. నిలబడి అడిగేటప్పుడు మాత్రం నోటికి మొదట వచ్చేది ఆ 'కదా' ప్రశ్నే.

అవతలివాళ్ల సాక్షిని ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అసలు పరీక్ష వినడం. వాకిట్లో నిలబడి దొంగను చూశానని సాక్షి చెప్పాడనుకోండి. మరో ప్రశ్నకు జవాబిస్తూ, "జల్లు కొడుతోందని అప్పటికే తలుపేసుకుని లోపలికి వెళ్లిపోయాను" అంటాడు. కేసు అక్కడే తిరగాలి. కానీ రాసుకొచ్చిన ప్రశ్నల మీదే చూపు పెట్టిన విద్యార్థి ఆ మాట పట్టించుకోకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాడు. దాన్ని పట్టుకునే చెవి లెక్చర్లు వింటే రాదు.

సాక్షిగా కూర్చుంటే ఇదంతా అవతలి వైపు నుంచి తెలుస్తుంది. ఏ ప్రశ్నకు ఇరుక్కున్నారో, ఏ ప్రశ్న మీకు తప్పించుకునే దారి ఇచ్చిందో మీకే అర్థమవుతుంది. బోనులో ఉన్న మనిషి ఎంత తడబడతాడో కూడా. మీ టెన్షన్ ఒక్కరోజులో పోదు. అయితే అడిగినదానికే జవాబివ్వాలి కాబట్టి, మాట్లాడటం అలవాటు చేసుకోవడానికి ఇది తేలికైన మెట్టు.

అగ్రిమెంట్లు రాసే పనికి ఇదెందుకు అంటారేమో. గొడవ వస్తే మీరు రాసిన క్లాజునే చూపించి ఒకరిని ప్రశ్నిస్తారు. "సకాలంలో సరుకు పంపాలి" అన్న మాట క్రాస్‌లో ఎలా నలుగుతుందో చూసినవాళ్లు ఆ స్థానంలో తేదీ రాస్తారు.

ఒక్క జాగ్రత్త. కొన్నిచోట్ల ప్రశ్నలూ జవాబులూ ముందే రాసిచ్చి బట్టీ పట్టిస్తారు. అది నాటకం అవుతుంది తప్ప ట్రయల్ కాదు. కేసు ఫైలు, సాక్షుల వాంగ్మూలాలు మాత్రమే ఇచ్చి, ప్రశ్నలను ఆయా జట్లకే వదిలేయమని మీ లెక్చరర్‌ను అడగండి. అయ్యాక ఎవరెక్కడ పొరపడ్డారో చర్చించడానికి ఒక గంట ఉంచమనండి. ఆ గంట లేకపోతే సగం లాభం పోతుంది.

పరీక్షల సంగతంటారా, ఏడాదికి ఒక్క మాక్ ట్రయల్ చాలు, మిగతావి వదిలేయండి. ఈసారి సాక్షిగా చేయండి, వచ్చేసారి చీఫ్ ఎగ్జామినేషన్ మీకివ్వమని ఇప్పుడే చెప్పి ఉంచండి.