వుడ్ ఫినిష్ ఇంటికి పది లక్షల అప్పు అవసరమా?

ప్రశ్న: మాది కర్నూలు. నేను ఎయిడెడ్ కాలేజీలో లెక్చరర్‌ని, మా వారు ప్రైవేటు కంపెనీలో చేస్తారు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు చేతికొచ్చేది 1,12,000. నంద్యాల చెక్‌పోస్ట్ వైపు మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నాం. గృహరుణం 38 లక్షలు, వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ 33 వేలు మొదలైంది. తాళాలు ఇంకో ఐదు నెలలకు ఇస్తారు. ప్రస్తుతం అద్దె 11 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు, బాబు స్కూలుకు సగటున 7 వేలు, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 8 వేలు, చీటీ 10 వేలు. ఎఫ్‌డీ 4.5 లక్షలు ఉంది. ఇల్లు సామాను తక్కువగా, వుడ్ ఫినిష్‌లో, చూడగానే మనసుకు హాయిగా ఉండాలని నా ఆశ. ఇంటీరియర్ వాళ్లు 9.8 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. పది లక్షలు టాప్-అప్ (గృహరుణం మీదే అదనంగా ఇచ్చే అప్పు) తీసుకుంటే 9 శాతం వడ్డీ, 15 ఏళ్లు, నెలకు పదివేలే కదా అంటున్నారు మా వారు. లేదా 5 లక్షల చీటీ పాడేద్దామా? 50 నెలల్లో 22 కట్టాం. పత్తికొండ దగ్గర మా మామగారు పాత మిద్దె పడగొట్టిస్తున్నారు, ఆ చెక్క అమ్మి వచ్చిన డబ్బు కూడా ఇస్తానన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: టాప్-అప్ తీసుకోకండి. చీటీ ఇప్పుడే పాడకండి. మామగారికి ఈరోజే ఫోన్ చేసి చెక్క అమ్మవద్దని చెప్పండి. మీ ఆశ చాలా మంచి ఆశ, అది నెరవేరాలనే ఈ మూడు మాటలూ ముందు చెప్పాను.

మీరు జతచేసిన కొటేషన్ పూర్తిగా చదివాను. రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘జీఎస్టీ అదనం’ అని ఉంది. 18 శాతం అంటే 1,76,400. అంటే మీ పని ఖరీదు 11,56,400. పది లక్షలు అప్పు తెచ్చుకున్నా ఇంకో లక్షన్నర వెతుక్కోవాల్సిందే. బిల్లు లేకుండా చేస్తామంటారేమో, ఒప్పుకోకండి. రేపు షట్టర్లు ఊడితే అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

ఇక ఆ కొటేషన్‌లో ఏముందో చూద్దాం. హాల్లో గాడుల ప్యానెలింగ్ 1.35 లక్షలు, ఫాల్స్ సీలింగ్ 1.4 లక్షలు, టీవీ యూనిట్ 95 వేలు, గుమ్మం దగ్గర పార్టిషన్ 60 వేలు. ఈ నాలుగూ కలిపితే 4.3 లక్షలు. వీటిలో మీ చీర ఒక్కటి మడతపెట్టే చోటు లేదు, పప్పు డబ్బా పెట్టే చోటు లేదు. కిచెన్ 2.4, లాఫ్టులతో రెండు వార్డ్‌రోబ్‌లు 2.3, పూజ యూనిట్ 45 వేలు, డిజైన్ ఫీజు 35 వేలు మిగతావి. మీరు అడిగింది సామాను తక్కువగా ఉండే ఇల్లు. వాళ్లు రాసిచ్చింది గోడ కనబడని ఇల్లు. ఖాళీగా వదిలేసిన తెల్లగోడ పక్కన ఒకే ఒక్క మంచి చెక్క బల్ల ఉంటే ఆ చెక్క రంగు కంటికి ఆనుతుంది. నాలుగు గోడలకూ అదే రంగు అంటిస్తే ఏదీ కనబడదు. అందుకే మీరు కోరుకున్న తీరు నిజానికి తక్కువ ఖర్చుతో అయ్యే తీరు.

‘నెలకు పదివేలే’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. పది లక్షలకు 9 శాతం చొప్పున 15 ఏళ్లకు ఈఎంఐ 10,143. మొత్తం కట్టేది 18.26 లక్షలు, అందులో వడ్డీ 8.26 లక్షలు. అదే పది లక్షలు 13 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుని ఐదేళ్లలో తీర్చినా వడ్డీ 3.65 లక్షలే అవుతుంది. శాతం తక్కువని చూసి చాలామంది టాప్-అప్ వైపు వెళ్తారు గానీ, వడ్డీని పెంచేది శాతం ఒక్కటే కాదు, ఏళ్లు కూడా. పర్సనల్ లోన్‌కు ఈఎంఐ 22,753. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 13 వేలు. కొత్తింట్లో చేరాక అద్దె 11 వేలు పోయి, మెయింటెనెన్స్ 2,500 చేరితే మిగిలేదే 21,500 కాబట్టి అదీ కుదరదు. రోజూ తీసి మూసే కిచెన్ షట్టర్లు, ప్లైవుడ్ మీద అతికించే లామినేట్ పొర అంచులు పదేళ్లు దాటాక పాతబడతాయి. వాటిని మార్చే రోజున కూడా మొదటి అప్పు కడుతూ ఉండటం నాకు అస్సలు నచ్చదు.

పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి రుణం వడ్డీకి ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది. మరమ్మతుల అప్పయితే 30 వేలే, అదీ ఆ 2 లక్షల్లోపే. ఫర్నిచర్ కోసం చేసిన అప్పుకు ఏమీ రాదు. కొత్త విధానంలో ఉంటే సొంతింటికి ఆ మినహాయింపే లేదు.

మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఎఫ్‌డీ మొత్తం తీయవద్దు. ఈఎంఐ, చీటీ, స్కూలు, ఇంటి ఖర్చు, మెయింటెనెన్స్ 2,500 అనుకుంటే నెలకు తప్పనిసరిగా కట్టేవి 82,500. మూడు నెలలకు సుమారు 2.5 లక్షలు. అది ముట్టకండి, మీ వారి ఉద్యోగం ప్రైవేటు కాబట్టి మరీ చెప్తున్నాను. మిగతా 2 లక్షలు తీయండి. తాళాలు వచ్చేలోపు నెలకు 13 వేలు మిగులుతుంది, ఐదు నెలలకు 65 వేలు. మొత్తం 2.65 లక్షలు. గృహప్రవేశానికి చేయించే పని దీంట్లోనే అయిపోవాలి. కిచెన్‌కు 1.3 లక్షలు, మీ బెడ్‌రూములో ఒక వార్డ్‌రోబ్‌కు 70 వేలు, లైట్లు, ఫ్యాన్లు, కర్టెన్లకు 45 వేలు మించనివ్వకండి. 20 వేలు చేతిలో ఉంచుకోండి, చెక్కపనిలో అనుకోని ఖర్చు రాకుండా ఉండదు.

కిచెన్ 2.4 నుంచి 1.3కు ఎలా దిగుతుందని అడుగుతారు. మన సీమ ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, కడప బండలతో అరలు. గట్టు కింద లోపలి అరలన్నీ ప్లైవుడ్ బాక్సులతో కాకుండా నల్ల బండలు నిలబెట్టి కట్టించండి. నీళ్లు కారినా ఉబ్బవు, చెదలు పట్టవు, సిలిండర్ లాగినా చెక్కు లేవదు. ముందువైపు మాత్రం వుడ్ ఫినిష్ షట్టర్లు బిగించుకుంటే బయటికి కొటేషన్‌లో ఉన్న బొమ్మలాగే కనబడుతుంది. ఒక్క షరతు ఉంది. కిచెన్‌లో టైల్స్ వేయకముందే బిల్డర్‌తో మాట్లాడాలి. టైల్స్ అయ్యాక గోడ కొట్టించి బండలు దించితే రెండు పనుల ఖర్చు అవుతుంది.

కొటేషన్‌లో ‘ప్రీమియం ప్లై’ అని మాత్రమే రాశారు. ఆ మాటకు అర్థం లేదు. కిచెన్ షట్టర్లకు, సింకు కింద బీడబ్ల్యూపీ రకం (మరిగే నీళ్లకూ తట్టుకునేది), అంటే భారత ప్రమాణం ఐఎస్ 710 అని రాయించుకోండి. వార్డ్‌రోబ్‌కు ఐఎస్ 303లోని బీడబ్ల్యూఆర్ (దానికంటే ఒక మెట్టు తక్కువగా నీటిని తట్టుకునేది) చాలు. ఎంఆర్ రకం (గాలిలో తేమను మాత్రమే తట్టుకునేది) తడి తగిలే చోట పనికిరాదు. 8 బై 4 అడుగుల షీట్లు దించిన రోజు మీరే వెళ్లి వాటి మీది ముద్ర చూడండి, ముక్కలు కోశాక ఏ ముక్క ఏ రకమో చెప్పడం కష్టం. వార్డ్‌రోబ్ చదరపు అడుగుల లెక్క కూడా కొలత టేపుతో చూసుకోండి. 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అంటే 49 అడుగులు. పైన రెండడుగుల లాఫ్ట్ కలిపితే ఇంకో 14. లాఫ్ట్ వద్దనుకుంటే ఆ 14 అడుగుల డబ్బు మీ దగ్గరే ఉంటుంది. సామాను తక్కువ పెట్టుకోవాలనుకునే ఇంటికి లాఫ్ట్ ఎందుకు? అడ్వాన్సు సగం ఇవ్వమంటే ఇవ్వకండి, మెటీరియల్ దిగినప్పుడు కొంత, బిగింపు అయినప్పుడు కొంత అని కాగితం మీద పెట్టుకోండి. చివరి పదిశాతం నెల రోజులు వాడి చూశాకే.

ఇంకో మాట, దీనికి ఖర్చు దాదాపు లేదు. ఇళ్లలో వేసే తెల్లటి 6500 కెల్విన్ లైటు కింద ఎంత మంచి చెక్కయినా పాలిపోయినట్టు ఉంటుంది. హాల్లో, బెడ్‌రూములో 3000 కెల్విన్ బల్బులు వేయండి. సాయంత్రం అదే గోడ, అదే తలుపు బంగారు ఛాయలో కనబడతాయి. ఫాల్స్ సీలింగ్‌కు పెట్టే 1.4 లక్షలు చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం ఈ బల్బులే చేస్తాయి.

ఇప్పుడు మామగారి మిద్దె. పాత మిద్దెల్లో టేకు తలుపులు, వేప దూలాలు, దంతెలు దశాబ్దాలుగా మన ఎండకు ఆరి గట్టిపడి ఉంటాయి. కొత్తగా కొన్న చెక్క సరిగ్గా ఆరకపోతే మన వేసవికి పగుళ్లిస్తుంది, వంకర తిరుగుతుంది. పాతదానికి ఆ భయం చాలా తక్కువ. పడగొట్టేవాళ్లకు టోకున అమ్మితే మీకు వచ్చేది కొద్ది డబ్బే, అలాంటి చెక్క మళ్లీ కొనాలంటే ఎంత ఎక్కువ పెట్టాలో ఏ టింబర్ డిపోలో అడిగినా చెప్తారు. నమ్మకమైన కార్పెంటర్‌ను ఊరికి తీసుకెళ్లి ప్రతి దూలాన్నీ తట్టి చూపించండి. పుచ్చు పట్టినవి అక్కడే వదిలేయండి. మేకులన్నీ పీకించాకే కోత మిల్లుకు పంపండి, ఒక్క మేకు మిగిలినా రంపం పళ్లు పోతాయి. పురుగు మందు పట్టించాక ఒక డైనింగ్ టేబుల్, రెండు బెంచీలు, టీవీ కింద ఒక పొట్టి బల్ల చేయించుకోండి. పైన పాలిష్ చాలు. 95 వేల టీవీ యూనిట్ అక్కర్లేదు, గోడకు ప్యానెలింగ్ అక్కర్లేదు. మీ వారి తాతల నాటి తలుపు మీ ఇంట్లో బల్ల అవుతుంది. ఏ షోరూములోనూ అలాంటిది దొరకదని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

బాబు గదికి వార్డ్‌రోబ్, చదువుకునే బల్ల, పూజ యూనిట్ రెండో విడతలో పెట్టుకోండి. కొత్తింట్లో చేరాక మిగిలే 21,500లో 18 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఏడాదికి 2.16 లక్షలు. ఈలోపు ఒక వేసవి ఆ ఇంట్లో గడిచిపోతుంది. పడమటి ఎండ ఏ గోడ మీద పడుతుందో అప్పుడు తెలుస్తుంది, అక్కడ లామినేట్ పెట్టించకండి, రంగు వెలుస్తుంది. అంతవరకు ఆగలేని పని ఏదైనా వస్తే, 2 లక్షలకు మించకుండా మూడేళ్లలో తీరేలా మాత్రమే అప్పు చేయండి. 9 శాతానికి నెలకు 6,360, మొత్తం వడ్డీ 29 వేల లోపే.

మీ వారికి, మీకు టర్మ్ పాలసీలు (గడువులోపు మరణిస్తే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉన్నాయో లేవో రాయలేదు. 38 లక్షల అప్పున్న ఇంట్లో చెక్కపని కంటే ముందు ఉండాల్సింది అదే. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ కూడా తీసుకోండి, అందులో భవనంతో పాటు ఇంట్లో సామానుకూ రక్షణ ఉంటుంది. హంద్రీ, తుంగభద్ర ఒడ్డున కింది అంతస్తులు కొన్నవాళ్లకయితే 2009 అక్టోబరు వరద గుర్తుండే ఉంటుంది, వాళ్లు దీన్ని అసలు వాయిదా వేయకూడదు.

చీటీ సంగతి. ఇప్పుడు లక్ష తగ్గించి పాడితే చేతికి 4 లక్షలు వస్తాయి, మిగిలిన 28 నెలలూ కట్టక తప్పదు. చివరిదాకా ఆగితే చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ పోను దాదాపు మొత్తం మీదే, మధ్యలో ఇతరులు తగ్గించి పాడిన డబ్బులో మీ వాటా (డివిడెండ్లు) కూడా. ఆ డబ్బులో 4 లక్షలు గృహరుణం అసలుకు కట్టండి. మీది ఫ్లోటింగ్ (మార్కెట్‌ను బట్టి మారే) వడ్డీ అయితే ముందు కట్టినందుకు జరిమానా ఉండదు. రెండున్నరేళ్లకు ఆ 4 లక్షలు కట్టి ఈఎంఐ 33 వేలే ఉంచితే, రుణం దాదాపు 45 నెలలు ముందే తీరిపోతుంది. కట్టేటప్పుడు ‘ఈఎంఐ తగ్గించవద్దు, గడువు తగ్గించండి’ అని బ్యాంకులో రాతపూర్వకంగా ఇవ్వండి.