పలమనేరు బొమ్మల కథ రాసిన యువ రచయితకు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. పలమనేరు టెర్రకోట పనివాళ్ల మధ్య పెరిగి, నడివయసులో ఊరికి తిరిగి వచ్చి, చిన్ననాటి గురుగులనూ పలకనూ ఉయ్యాలనూ మట్టితో మళ్లీ చేసుకుంటున్న ఆ శిల్పి నాకు నచ్చింది. చివరి పేజీ దగ్గర మాత్రం కోపం వచ్చింది. చిన్నప్పుడు తండ్రి కాల్చి ఇచ్చిన గుర్రం పగిలితే, ఆ ముక్కలను నీళ్లలో నానబెట్టి, మెత్తగా పిసికి, ఆమె మళ్లీ అదే గుర్రాన్ని చేసిందని రాశావు. అలా జరగదు నాయనా.

ఎండిన పచ్చి బొమ్మను తొట్టిలో వేస్తే బుడగలు లేస్తూ పొరలు విడిపోయి, కాసేపటికి అడుగున బురదగా దిగుతుంది. దాన్ని మళ్లీ పిసుక్కోవచ్చు. బొమ్మలు కాల్చే ఆవంలో వేడి సుమారు 600 డిగ్రీలు దాటేసరికి మట్టి రేణువుల్లో కలిసిపోయి ఉన్న నీరు కూడా వెళ్లిపోతుంది కనుక, ఆ తర్వాత ఎన్నేళ్లు నానబెట్టినా పెంకు ముద్ద కాదు. పాతదిబ్బల్లో దొరికే పెంకులు వందల ఏళ్ల వానలకు తడిసినా కరగకపోవడానికి కారణం ఇదే. యవ్వనం తిరిగి రాదన్న దుఃఖమే నీ కథ. అందుకు కావలసిన ఆధారం మట్టిలోనే ఉండగా దాన్ని చెరిపేసి, ఆ చోట 'జ్ఞాపకాల పరిమళం', 'బరువెక్కిన గుండె' వంటి మాటలు నింపావు.

గతం గురించి రాసేవారు ముందు వస్తువును తెలుసుకోవాలని నేను ఎప్పటినుంచో వాదిస్తున్నాను. నీ వయసులో శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ల మీద ఒక కథ రాశాను. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను తడిపి ఆరబెట్టడం, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టి నల్లరంగు తీయడం, స్వర్ణముఖిలో ఉతకడం అందులో ఉండేవి. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ భాగమంతా కొట్టివేసి, పాఠకులకు అనుభూతి చాలునని జాబు రాశాడు. అచ్చయిన కథలో ముసలి పనివాడు ఏడుస్తూనే ఉన్నాడు కానీ అతను పోగొట్టుకున్నది ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. ఈనాటికీ వేపచెట్టు, నులకమంచం, అమ్మమ్మ కలిపిన ముద్ద ఉంటే చాలు, బాల్యం వచ్చేసిందనుకునే సంపాదకులే ఎక్కువ.

పలమనేరు వెళ్లి, ఆవం పేర్చడం మొదలుకొని విప్పేదాకా పనివాళ్ల పక్కనే ఉండు. కాలిన పెంకును దంచి, జల్లించి కొత్త మట్టిలో కలిపితే ఆరేటప్పుడు అది అంతగా కుంచించుకుపోదు, బీటలూ తగ్గుతాయి. నీ శిల్పికి ఈ సంగతి తప్పక తెలిసి ఉంటుంది. తండ్రి చేసిన గుర్రం ముక్కలను ఆమె రోట్లో వేయగలదా? వేయలేకపోతే వాటిని ఎక్కడ దాస్తుంది? చివరి పేజీని అక్కడి నుంచి మళ్లీ రాయి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆ పేజీ నాకు పంపు.

ఆశీస్సులతో.