తొలగించడమా, విడవడమా?

సందేహం: ప్రోగ్రామింగ్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. జావా, పైథాన్‌లలో అక్కరతీరిన ఆబ్జెక్టును (ప్రోగ్రాము తయారుచేసుకున్న డేటా మూటను) మెమరీలోంచి ‘తొలగించడం’ అనాలా, ‘తీసివేయడం’ అనాలా?

సమాధానం: రెండూ నాకు రుచించవు. సీ ప్లస్ ప్లస్‌లో డిలీట్ అని రాసినవాడు నిజంగానే తొలగిస్తాడు. జావాలో రాసేవాడికి ఆ అధికారం లేదు. అక్కరలేనివి ఏరెయ్యమని సిస్టమ్ డాట్ జీసీ అని పిలిచినా అది విన్నపమే, ఆజ్ఞ కాదు. అతని చేతిలో ఉన్నదల్లా ఆబ్జెక్టును పట్టుకున్న పేరును వదిలి పట్టు విడవడం. అందుకే ‘విడుచు’ వైపు నా మొగ్గు.

తమిళంలో విడు, కన్నడంలో బిడు. విడుపు, విడుదల, వీడ్కోలు ఈ ఇంటివే. ఈ ధాతువు రుచి తెలియాలంటే పోతన దగ్గరికే పోవాలి. గజేంద్రుడి మొర విని పరుగెత్తే విష్ణువు లక్ష్మి కొంగును ‘చేలాంచలమైన వీడఁడు’. పట్టుకున్న ధ్యాసే లేదాయనకు! తరువాతి పద్యంలో చూడండి: ‘తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్’, ఆ వెనక గరుడుడు, ఆయుధాలు, నారదుడు, చివరికి వైకుంఠంలో ఆబాలగోపాలమూ. విడవని కొంగు ఒక్కటే. అక్కరలేనివి మెమరీలో పేరుకుపోయే మెమరీ లీకు సరిగ్గా ఇదే. ఎక్కడో ఒక జాబితా మరచిపోయి పట్టుకున్న ఆబ్జెక్టు, అది పట్టుకున్నవి, అవి పట్టుకున్నవి, ఏవీ పోవు.

పైథాన్‌లో ఒకే జాబితాకు అ, ఆ అని రెండు పేర్లు పెట్టి ‘డెల్ అ’ అనండి. చెరిగేది ‘అ’ అన్న పేరు. ‘ఆ’ చేతిలో జాబితా చెక్కుచెదరదు. డెల్‌ను ‘పేరు చెరుపు’ అంటే పిల్లలకు ఈ తికమకే ఉండదు. మన పుస్తకాలేమో ‘ఆబ్జెక్టు తొలగించబడును’ అంటాయి. ఎవరిచేత, ఎప్పుడు? ఈ ‘బడు’ రోగానికి మందు లేదు కాబోలు.

మరి ఎవరూ పట్టుకోనివాటిని ఏరేసే పనికి (గార్బేజ్ కలెక్షన్‌కు) ఏ మాట? 1960 నాటి వ్యాసంలో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ లిస్పు అనే ప్రోగ్రామింగ్ భాష కోసం చెప్పిన పద్ధతి, ప్రోగ్రాముకు ఇంకా అందేవాటికి గుర్తు పెట్టి మిగిలినవి పోగుచేయడం. దానికి ‘ఊడ్చు’ చాలు.

‘తొలగించు’ ఇప్పటికే పాతుకుపోయింది, శీర్షికల్లో ఉంటే నేను గొడవ పడను. ‘విడుదల చేయు’ మాత్రం వద్దు, కొత్త వెర్షన్ వచ్చిందనుకుంటారు.