రాత్రి బువ్వ మానితే పొట్ట పోదు, కొడుకా

కొడుకా,

మొన్న దసరాకు వచ్చినప్పుడు బరువు తగ్గానని అందరికీ చెప్పుకున్నావు గానీ, తగ్గింది పొట్ట కాదురా, తొడలు. నలభై ఆరేళ్లకే నులక మంచం మీద నుంచి మోకాలి మీద చెయ్యి ఆనించి లేచావు. ఇన్నేళ్లు నర్సు డ్యూటీ చేసినదాన్ని, నా కన్ను అక్కడే పడింది.

ముప్పై దాటాక ఎవరికైనా కండ మెల్లగా కరుగుతుంది, పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా, అరవై దాటితే ఇంకా తొందరగా. దాన్ని నిలబెట్టేవి బరువు పని, పప్పూ గుడ్డూ. నువ్వేమో రాత్రి బువ్వతో పాటు పప్పు, గుడ్డు కూడా మానేసి క్వార్టర్ మాత్రం ఉంచుకున్నావు. ఆ 180 మిల్లీలీటర్లలో 60 గ్రాముల దాకా ఆల్కహాల్, 400 కేలరీలకు పైనే, నువ్వు మానిన బువ్వకు ఏం తక్కువ? పైగా మందు లోపలికి పోయిందంటే లివర్ ముందు దాన్ని వదిలించుకునే పనిలో పడుతుంది, కొవ్వు కరగడం అప్పటిదాకా వెనక్కి పోతుంది. తాగితే నిద్ర పడుతుందంటావు. పడుతుంది, నడిరేయి దాటాక మెలకువ తెచ్చేదీ అదే. వయసుతో ఒంట్లో నీరు తగ్గుతుంది కాబట్టి పాతికేళ్లప్పుడు తట్టుకున్న కొలతే ఇప్పుడు ఎక్కువ ఎక్కుతుంది.

పొద్దున మిర్యాలగూడ స్టేషన్ దాకా నడుస్తున్నావు, మంచిదే, మానకు, కానీ ఒట్టి నడకతో తొడ కండ నిలవదు. మిల్లులో హమాలీలు బస్తాలెత్తుతుంటే నువ్వు కాంటా దగ్గర కూర్చుంటావు కదా, ఆ కుర్చీలోంచే చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చో, కాసేపాగి మళ్లీ పది. ధబేల్‌మని పడొద్దు, మెల్లగా దిగాలి, తొడ మండాలి. సులువైపోతే ఐదు కిలోల బియ్యం సంచి పట్టుకుని చెయ్యి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, నీ 70 కిలోలకు 58 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరే. రాత్రికి జొన్న రొట్టె, గట్టి పప్పు, రెండు గుడ్లు, సాయంత్రం బజ్జీల బదులు బొబ్బెర గుడాలు తిను. కోడలికి నేను చెప్తాను.

మందు మానమనే అంటాను, కొంచెమైతే మంచిదన్న మాట నమ్మకు. అయితే తాగని పొద్దు చేతులు వణకడం, చెమటలు పట్టడం ఉంటే నాకు భయపడి ఒక్కసారిగా బంద్ పెట్టకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటప్పుడు డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆయన చేతి కిందే మానాలి. ఆదివారం నల్లగొండ వచ్చి రాత్రికి ఇక్కడే ఉండు, సోమవారం పరగడుపున షుగర్, లివర్ పరీక్షలు చేయిద్దాం, నేను వెంట వస్తాను.

పెద్దమ్మ