ఇతివృత్తం, వస్తువు ఒకటేనా? పాత్ర అంటే గిన్నేనా?

సందేహం: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ‘కన్యాశుల్కం ఇతివృత్తాన్ని వివరించండి’ అన్న ప్రశ్నకి కథంతా వరసగా రాసింది. ‘ఇది కథ, ఇతివృత్తం కాదు, సంఘసంస్కరణ అని రాయాలి’ అంటూ మార్కులు తగ్గించారు. ఇతివృత్తం, వస్తువు ఒకటేనా? కథలో మనుషుల్ని ‘పాత్ర’ అని గిన్నె పేరుతో ఎందుకు పిలుస్తాం? ‘మధురవాణి శీలం’ అని రాయొచ్చా?

సమాధానం: ముందు మీ అమ్మాయికి చెప్పండి, తను రాసింది తప్పు కాదు. ఆ మార్కులు పోవాల్సినవి కావు.

ఇతి అంటే ‘ఇలా’, వృత్తం అంటే ‘జరిగినది’. వృత్తాంతంలో ఉన్న వృత్తమే ఇదీ. అంటే ‘ఇలా జరిగింది’ అన్న అర్థం ఆ మాట కడుపులోనే ఉంది. నాట్యశాస్త్రంలో భరతుడు ‘ఇతివృత్తం తు నాట్యస్య శరీరం’ అన్నాడు, నాటకానికి ఇతివృత్తం ఒళ్లు అని, ఆ ఒంటిని అయిదు సంధులుగా, అంటే కథ నడకలో అయిదు భాగాలుగా, విడదీసి చూపించాడు. సంఘసంస్కరణని సంధులుగా విడదీయగలమా? జరిగిన సంగతుల్నే విడదీయగలం.

అలాగని ఆ దిద్దినవారి మాట ఎక్కడినుంచో ఊడిపడింది కాదు. ‘వరకట్నం ఇతివృత్తంగా తీసిన సినిమా’ అని రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాం, థీమ్ అనాల్సిన చోట ఇతివృత్తం అనేయడం వాడుకలో బాగా నాటుకుపోయింది. పైగా సంస్కృతంలో ఇతివృత్తం, వస్తువు అన్న ఈ రెండు మాటలకీ తేడా లేదు. నాటకాల లక్షణాలు చెప్పే దశరూపకంలో ధనంజయుడు వస్తువు, నేత (అంటే కథానాయకుడు), రసం అని మూడు చెప్పినప్పుడు వస్తువంటే ఇతివృత్తమే. అందుకే దాన్ని ఆధికారికం, ప్రాసంగికం అని, అంటే అసలు కథ, కొసరు కథ అని విడదీశాడు. మన ఆధునిక విమర్శకులు ‘వస్తువు – శిల్పం’ (శిల్పమంటే చెప్పే తీరు) అని జంటగా మాట్లాడటం మొదలుపెట్టాక వస్తువు మెల్లిగా ‘ఈ రచన దేని గురించి’ అన్న అర్థంలోకి జరిగింది. ఇది తెలుగు చేసుకున్న మంచి ఏర్పాటని నా నమ్మకం. రెండు పనులకి రెండు మాటలు దొరికాక మళ్లీ వాటిని కలిపేసుకోవడం ఎందుకండీ?

ఈ తేడా లేకపోతే కన్యాశుల్కం గురించే ఒక ముఖ్యమైన సంగతి చెప్పలేం. 1892లో మొదట ఆడిన నాటకం అది, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేయించారు, ఇప్పుడు మనం చదివేది ఆ ఏడంకాల పుస్తకమే. వస్తువు మారలేదు: డబ్బు తీసుకుని చిన్నపిల్లల్ని ముసలివాళ్లకి కట్టబెట్టడం, దాని వెనకాలే వచ్చే వైధవ్యం, దాన్ని బాగుచేస్తామనేవాళ్లలో నిజం ఎంత, నటన ఎంత అన్నది. కానీ ఇతివృత్తం బాగా పెరిగింది, మధురవాణి పాత్ర అయితే నాటకాన్నే నడిపించేంత ఎత్తుకి ఎదిగింది. అదే వస్తువుతో కొత్త ఇతివృత్తం అల్లారని ఒక్క ముక్కలో చెప్పగలుగుతున్నామంటే రెండు మాటలూ వేరుగా ఉండబట్టే కదా.

ఇక కథకీ ఇతివృత్తానికీ తేడా చిన్నదే. అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వబోయాడు, కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేసి ఆ పెళ్లి తప్పించాడు, ఈలోగా గిరీశం వితంతువైన పెద్ద కూతురు బుచ్చమ్మని తీసుకుపోయాడు, ఇలా చెప్పుకుంటూ పోతే కథ. ఏది దేనివల్ల జరిగిందో, ఏ ముడి ఎక్కడ పడి ఎక్కడ విడిందో చూపిస్తే ఇతివృత్తం. మీ అమ్మాయి సమాధానంలో ఆ ‘అందువల్ల’లు తగ్గి ఉండొచ్చు, అంతే. చివర్లో గిరీశం ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అంటాడు చూడండి. అడ్డం తిరిగింది సంగతుల నడక. వస్తువు అలా తిరగదు.

యజ్ఞం చదివి ఉంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. కాళీపట్నం రామారావు గారి ఆ కథలో ఇతివృత్తం అప్పల్రాముడి అప్పు మీద ఊళ్లో నడిచిన పంచాయితీ. వస్తువు మాత్రం ఊరు బాగుపడుతోందని అందరూ అనుకుంటున్న రోజుల్లోనే ఆ కుటుంబం ఎలా నలిగిపోయిందన్నది. పంచాయితీ గురించి ఎంత రాసినా రెండోది దానంతట అది రాదు, వెతికి పట్టుకోవాలి.

ఇప్పుడు పాత్ర. అవును, గిన్నే. దేన్నైనా పోస్తే నిలుపుకునేది పాత్ర. అందుకే దానం తీసుకోదగినవాడు దానపాత్రుడు, తగనివాడికిస్తే అపాత్రదానం. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో నాట్యాచార్యుడు గణదాసు తన శిష్యురాలు మాళవికని తలుచుకుని ‘పాత్రవిశేషే న్యస్తం’ అని ఒక శ్లోకం చెబుతాడు: మంచి పాత్రలో ఉంచిన విద్య ఇంకా వన్నెకెక్కుతుంది, మేఘం నుంచి పడ్డ నీటిబొట్టు సముద్రంలో ముత్యపుచిప్పలో చేరి ముత్యమైనట్టు. నేర్చుకునే మనిషికి గిన్నె పేరు ఎంత అందంగా అమరిందో చూడండి! ఆ వరసలోనే వేషం కట్టేవాళ్లనీ పాత్రలన్నారు. శాకుంతలం ప్రస్తావనలో, అంటే నాటకం మొదట్లో, సూత్రధారుడు ‘ప్రతిపాత్రం’ జాగ్రత్త తీసుకోవాలంటాడు, అంటే ప్రతి నటుడి విషయంలోనూ అని. అక్కడినుంచి కథలో మనుషులకీ ఆ పేరు వచ్చింది.

ఒక్కటి గుర్తుంచుకోండి, తెలుగులో పాత్ర అనే మాటకి క్రియ ‘అది’ వరసలోనే వస్తుంది. అందుకని ‘గిరీశం పాత్ర బుచ్చమ్మని లేవదీసుకుపోయింది’ అని రాస్తే చెవికి ఎలా ఉంటుందో బయటికి చదివి చూడండి. పిల్లల జవాబుల్లో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. కథలో పని చేసేది గిరీశం, కాబట్టి లేవదీసుకుపోయాడు. గురజాడ తీర్చిదిద్దింది గిరీశం పాత్రని. రచయిత పాత్రని చిత్రిస్తాడు, నటుడు పోషిస్తాడు. ‘పాత్రపోషణ’ అని రచయితకీ వాడిన పాత విమర్శకులున్నారు, తప్పనను, కానీ విడిగా ఉంచుకుంటే చదివేవాళ్లకి కన్ఫ్యూజన్ ఉండదు.

శీలం అంటే అసలు స్వభావం, అలవాటైన నడత. సహనశీలి, దానశీలి, ప్రగతిశీలం అన్నవాటిలో ఆ పాత అర్థమే ఉంది. కానీ విడిగా ‘ఆమె శీలం’ అంటే ఇవాళ వినేవాడి మనసు ఒక్క చోటికే పోతుంది, ముఖ్యంగా మధురవాణి లాంటి వేశ్య గురించి అన్నప్పుడు. ఆవిడ తెలివి, జాలి, మాట మీద నిలబడే తీరు, ఇవన్నీ చెప్పబోయి ఆ మాట వాడితే అసలు సంగతి పక్కకి పోతుంది. ‘మధురవాణి స్వభావం’ అని రాయమనండి.